ఏ స్విచ్ దేనిది?

ఎవరింటికైనా వెళ్లినప్పుడు ఫ్యాన్ వేసుకోవాలంటే ఏం చేస్తాం? బోర్డు మీదున్న ఎనిమిది స్విచ్‌లూ వరసపెట్టి నొక్కుతాం. ముందు ట్యూబ్‌లైటు, తర్వాత బాల్కనీ బల్బు... ఎప్పటికో ఫ్యాన్. అన్నీ ఒకేలా ఉంటాయి మరి. వరసేమో ఎలక్ట్రీషియన్‌కి వైరు ఎటు అందితే అటు. మా అమ్మ ఫ్యాన్ స్విచ్ మీద నెయిల్‌పాలిష్ చుక్క పెట్టింది. నాకు తెలిసిన బెస్ట్ డిజైనర్ ఆవిడే!

గదిలో లైట్లు ఎలా ఉన్నాయో బోర్డు మీద స్విచ్‌లూ అలాగే ఉండాలని డోనాల్డ్ నార్మన్ 1988లోనే పుస్తకంలో రాశాడు. ఎవరు విన్నారు?

చాలా వెబ్‌సైట్లదీ ఇదే తంతు. 'సబ్మిట్' పక్కనే అదే రంగులో, అదే సైజులో 'రీసెట్'. హెచ్‌టీఎంఎల్‌లో రెడీమేడ్‌గా దొరుకుతుంది కాబట్టి పెట్టేస్తారంతే. స్కాలర్‌షిప్‌కి ఆఖరి రోజు. నెట్ సెంటర్లో కుర్రాడు ఇరవై గళ్లు నింపాడు. మౌస్ కాస్త పక్కకి జరిగిందా, అంతా ఖాళీ. స్విచ్ అయితే మళ్లీ నొక్కుకోవచ్చు, ఇక్కడ ఆ వీలూ లేదు. అసలు నింపిందంతా ఒక్క దెబ్బకి చెరిపేసుకోవాలని ఎవరికుంటుంది? ఆ బటన్ తీసేయండి. తీయనివ్వకపోతే దూరంగా జరిపి, 'అంతా చెరిపేయాలా?' అని ఒక్కమాట అడగండి. పది నిమిషాల పని.