వైరు తెగితే హెడ్‌ఫోన్ పోయినట్టు కాదు

కొత్తకోట చుట్టుపక్కల తండాల నుంచి హాస్టళ్లకు వచ్చిన మనకు హెడ్‌ఫోన్ షోకు కాదు. పదిమంది ఉండే గదిలో అదే మన క్లాస్‌రూమ్. ఒక చెవి వినబడకపోతే పారేస్తున్నం. పాత హెడ్‌ఫోన్‌లో స్పీకర్ అంత తొందరగా పోదు. ఎక్కువగా తెగేది జాక్ దగ్గర మడతపడే వైరే.

మైక్ లేని 3.5 మి.మీ. జాక్‌లో కొన ఎడమ చెవికి, మధ్య రింగు కుడి చెవికి, మిగిలింది రెండింటికీ గ్రౌండ్. సన్న తీగల మీది ఎనామిల్ పూత తీయకుంటే సోల్డర్ అంటదు. ఇంతే విద్య.

కేంద్రం 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. మంచిదే. కానీ పోర్టల్ చేతికి పని నేర్పదు. ప్రతి గిరిజన హాస్టల్‌లో ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటర్ పెట్టాలని అడుగుదాం. అమ్మానాన్నల కూలి పైసలు చెత్తబుట్టల పడొద్దు.