పులికాట్ దారిలో ఓ కెమెరా

ఆదివారమంటే చాలామందికి ఎనిమిదింటి దాకా దుప్పటి ముసుగు. నెల్లూరులోని ఓ బ్యాంకు ఉద్యోగికి మాత్రం చలికాలమంతా ఆదివారాలు తెల్లవారుజామున మూడున్నరకే మొదలవుతాయి. 'ఫ్లాస్కు గట్టు మీదుంది' అని నిద్రమత్తులోనే చెప్పి అటు తిరిగి పడుకుంటారు ఆయన భార్య. కెమెరా, ఫ్లాస్కు, ఓ గుడ్డసంచి కారులో పెట్టుకుని ఆయన చెన్నై రోడ్డెక్కేస్తారు. సూళ్లూరుపేటకు దాదాపు 100 కిలోమీటర్లు.

దారంతా పాటలే. అవీ బాలు పాడినవే. నెల్లూరులో పెరిగిన గొంతు కదా, ఆ మాత్రం పక్షపాతం ఉంటుంది మరి! నాయుడుపేట దాటేసరికి 'శంకరాభరణం' పాటలు వచ్చేలా పెన్‌డ్రైవ్‌లో వరస సర్దిపెట్టుకున్నారు. అవే పాటలు ఇంట్లో వింటే ఈ హాయి రాదట. నీళ్లు కనపడగానే మాత్రం పాట ఆగిపోవాల్సిందే.

పులికాట్ పెద్ద సరస్సే కానీ లోతు తక్కువ. చాలాచోట్ల మనిషి నడుము దాకా కూడా రాదు. దానికీ సముద్రానికీ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట. సూళ్లూరుపేట నుంచి అక్కడికి వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. తూర్పుకు వెళుతుంటే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పక్షులన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి. అందుకే ఆయన ముందు అటకానితిప్ప దాటి పోయి, వెనక్కి తిరిగి వస్తూ ఫొటోలు తీస్తారు. అప్పుడు ఎండ వీపు వెనక ఉంటుంది, ఫ్లెమింగోల గులాబీ రంగు విచ్చుకుంటుంది. కారు దిగరు. కారుకు అంతగా బెదరని పక్షులు మనిషి కాలు కింద పెడితే చాలు, దూరం జరిగిపోతాయి. గుడ్డసంచి సంగతి ఇక్కడే తెలుస్తుంది. పాత దిండు గలీబులో రాగులు పోసి భార్య కుట్టిచ్చిన సంచి అది. కిటికీ అంచున వేసి, దానిమీద లెన్సు ఆనిస్తే చెయ్యి వణకదు.

ఫ్లెమింగో తల కిందులుగా పెట్టి, ముక్కుతో నీళ్లు వడగట్టుకుని తింటుంది. చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు. కానీ అందరికీ కావాల్సింది ఎగిరే ఫొటో. కొందరు హారన్ కొడతారు, ఇంకొందరు రాళ్లు విసురుతారు. అవి చప్పున ఎగరలేవు పాపం! నీళ్లమీద కొన్ని అడుగులు పరిగెత్తి గానీ పైకి లేవవు. తింటున్న తిండి వదిలేసి అంత పరుగు ఎందుకు పెట్టించాలి? ఆయన అలా ఎప్పుడూ చెయ్యలేదు. అందుకే పదిహేనేళ్లలో ఆయన దగ్గరున్న మంచి ఎగిరే ఫొటోలు నాలుగే.

తిరుగు ప్రయాణంలో నేలపట్టు. చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకు ఎరువని ఊరివాళ్లు వాటిని తమ పక్షుల్లాగే చూసుకుంటారు.

ఇన్ని వేల ఫొటోలు తీసిన మనిషికి మూడేళ్ల కిందట ఓ కష్టం వచ్చింది. వాళ్లమ్మ పోయారు. దండ వెయ్యడానికి ఫొటో కావాలన్నారు. హార్డ్‌డిస్కంతా వెతికారు. గూడబాతు పిల్ల నోరు తెరిచిన ఫొటోలే నూట ఇరవై ఉన్నాయి. అమ్మది ఒక్కటీ లేదు. రోజూ పొద్దున్నే రేడియో పక్కన కూర్చుని భక్తిరంజని వింటూ పూలు కట్టేవారామె. కిటికీలోంచి వెలుగు చక్కగా ముఖం మీద పడేది. తియ్యాలని ఎన్నిసార్లు అనుకున్నారో! 'రేపు తీద్దాంలే' అనుకుంటూ కెమెరా బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయేవారు. చివరికి ఎవరిదో పెళ్లి గ్రూపు ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేయించారు. ముఖం మసకగా ఉంది. భుజం మీద పక్కావిడ చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత కూడా ఆదివారాలు ఆగలేదు. కాకపోతే ఇప్పుడు కెమెరా మనుషుల వైపూ తిరుగుతోంది. ఇంట్లో రాగుల సంచి కుట్టిన ఆవిడ, వలలు సర్దుకునే పెద్దాయన, రోడ్డుపక్కన టీ కాచే అవ్వ... ఎవరిది తీసినా కాగితం మీద వేయించి వాళ్ల చేతికివ్వాల్సిందే. స్టూడియో ఖర్చు చూసి ఇంట్లో సణుగుడు లేకపోలేదు.

మొన్న అవ్వకు ఫొటో ఇచ్చారు. ఆమె చేతులు చీరకొంగుకు తుడుచుకుని అందుకుంది. దూరంగా పెట్టి ఓసారి, దగ్గరగా పెట్టి ఓసారి చూసుకుంది.

"ఏందబ్బయా, నేనింత ముసిల్దాన్నైపోయినానా?"

ఆయనకేం చెప్పాలో తోచలేదు. అవ్వ ఆ ఫొటోను చక్కెర డబ్బా వెనక భద్రంగా నిలబెట్టి, పొయ్యి తగ్గించి, జుట్టు ముడి విప్పింది.

"ఉండు, తల దువ్వుకుంటా. ఇంకోటి తియ్యి."