మూలకు పడ్డ రంపం మిషన్‌ను పారేయకండి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చెరువు శిఖాలు, పడావు చెలకలు సర్కారు తుమ్మతో నిండిపోతున్నాయి. వంటచెరకుకు దాన్ని గొడ్డలితో నరికిద్దామంటే కూలి గిట్టదు. అందుకే కొందరు రైతులు పెట్రోలు రంపం మిషన్లు కొన్నారు. ఏడాది రెండేళ్లకే అవి కొట్టంలో మూలకు పడుతున్నాయి. కొత్తదానికి అప్పు చేసే ముందు ఒక్క మాట వినండి. చాలా మిషన్లు పాడైనవి కావు, చూసుకోక ఆగినవి.

స్టార్ట్ కాకపోతే ముందు అనుమానించాల్సింది పాత పెట్రోలునే. నెలల తరబడి నిల్వ ఉంటే జిగురు కట్టి కార్బొరేటర్ మూసుకుపోతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. పాతది తీసేసి, పెట్రోలు ఫిల్టర్, గాలి ఫిల్టర్ కడిగి, ప్లగ్గు మసి తుడవండి. పవర్ స్ప్రేయర్ బాగుచేసే మెకానిక్‌కు ఈ టూ స్ట్రోక్ ఇంజన్ కొత్తేమీ కాదు. ఆయిల్ కలపకుండా పెట్రోలు పోస్తే మాత్రం పిస్టన్ పట్టేస్తుంది. లీటరుకు మంచి టూ స్ట్రోక్ ఆయిల్ కొత్త రకాలకు 20 మిల్లీలీటర్లు, కొన్ని పాతవాటికి 40 దాకా కావాలి. మిషన్‌తో ఇచ్చిన పుస్తకం చూసి కలపండి. చైనుకు పోసే ఆయిల్ వేరు.

పొట్టు పిండిలా రాలితే పళ్లు మొద్దుబారినట్టే. అదిమి కోస్తే బార్ అరుగుతుంది, ఇంజన్ కాగుతుంది. చైనుకు సరిపడే గుండ్రటి ఆకురాయితో ప్రతి పన్నునూ ఒకే వాలులో, లోపలి నుంచి బయటికి సమానంగా రుద్దాలి. మట్టి అంటిన మొద్దు కోసినా, చైను నేలకు తాకినా పదును పోతుంది.

చైన్ బ్రేక్ పనిచేయకపోతే ఎంత అవసరమున్నా మిషన్ ముట్టొద్దు. బార్ కొన మొద్దుకు తగిలితే మిషన్ మొహం మీదికి ఎగురుతుంది. బూట్లు, కళ్లద్దాలు ఉండాల్సిందే. వేలాడే కండువా పనికిరాదు. పట్టా భూమిలో చెట్టయినా 2002 నాటి వాల్టా చట్టం ఉంది. నరికే ముందు అటవీ అధికారులను అడగండి.

యంత్రాలకు సబ్సిడీ ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. పాలెం, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఆకురాయి పట్టడం, ఆయిల్ కలపడం మీద ఒక్కరోజు శిక్షణ పెట్టినా చిన్న రైతుకు వేల రూపాయలు మిగులుతాయి. ఈలోగా మీ వంతుగా పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి భద్రపరచండి.