లెక్కలోకి రాని జబ్బు

దక్షిణాఫ్రికాలో పోలోనీ చవకరకం తిండి. మెత్తగా నూరి ఉడికించిన మాంసాన్ని కడ్డీల్లా చుట్టి అమ్ముతారు. ముక్క కోసి రొట్టెలో పెట్టుకుంటే చాలు, మళ్లీ వండక్కర్లేదు. 2017, 2018లలో ఆ దేశంలో, ప్రధానంగా ఈ పోలోనీ వల్ల, లిస్టీరియా బ్యాక్టీరియా 1,060 మందికి సోకింది. వాళ్లలో 216 మంది చనిపోయారు. రోగుల్లో దాదాపు 40 శాతం నెల నిండని పసికందులు. పుట్టీపుట్టని బిడ్డ పోలోనీ తినదు కదా! తల్లి తిన్నదాంట్లోని క్రిమే మావి దాటి బిడ్డను చేరింది. తల్లికి మాత్రం కాస్త జ్వరం, ఒళ్లునొప్పులతో సరిపోవచ్చు. గర్భిణులు, వృద్ధులు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, కేన్సర్‌కు మందులు వాడుతున్నవాళ్లు... ఈ జబ్బు ప్రాణం మీదికి వచ్చేది ప్రధానంగా వీళ్లకే. కాబట్టి వీళ్లే జాగ్రత్తపడాలని చెప్పి చేతులు దులుపుకోవడం తేలిక. కాచని పాలు, వాటితో చేసిన చీజ్ మానమనడం, చల్లటి మాంసాన్ని పొగలొచ్చేలా వేడి చేసుకోమనడం మంచి సలహాలే. కానీ లిస్టీరియా ఫ్రిజ్‌లోనూ పెరుగుతుంది. వాసన మారదు, రుచి మారదు. లక్షణాలు కనిపించడానికి ఒక్కోసారి 70 రోజులు పడుతుంది. రెండు నెలల కిందట ఏం తిన్నారో ఎవరికి గుర్తుంటుంది? కర్మాగారంలో పట్టుకోవాల్సిన క్రిమిని నిండుచూలాలు వంటింట్లో పట్టుకోవాలనడం అన్యాయం.

కర్మాగారం దాకా వెళ్లాలంటే ముందు రోగులను లెక్కపెట్టాలి. దక్షిణాఫ్రికాలో 2017 డిసెంబరు దాకా లిస్టీరియా కేసులను ప్రభుత్వానికి తెలపాలన్న నియమమే లేదు. నవజాత శిశువుల్లో కేసులు పెరుగుతున్నాయని గమనించింది ఆస్పత్రుల వైద్యులు. 2018 జనవరిలో సొవెటోలోని ఒక శిశు సంరక్షణ కేంద్రం నుంచి తొమ్మిది మంది పిల్లలు విరేచనాలతో ఆస్పత్రికి రావడంతో ఆ కేంద్రం ఫ్రిజ్ తెరిచి చూశారు. అందులో పోలోనీ దొరికింది. జన్యుక్రమ పరీక్షలు చేసుకుంటూ పోతే దారి పొలొక్వానేలోని పోలోనీ కర్మాగారానికి చేరింది. మార్చి 4న ఆ సరుకును వెనక్కి రప్పించారు. క్షయ, హెచ్‌ఐవీలతో సతమతమవుతున్న దేశం ఈ పని చేయగలిగింది. అందుకే, అరుదైన జబ్బుకు ఇంత ఖర్చెందుకన్న వాదన నాకు రుచించదు. పరీక్షే చేయనిచోట ఏ జబ్బయినా అరుదుగానే కనిపిస్తుంది. పైగా సోకినవారిలో ఐదో వంతు మందిని బలిగొన్న జబ్బు ఇది.

మనం అన్నీ పొగలు కక్కేలా వండుకు తింటాం కదా, మనకెందుకీ గొడవ అనేవాళ్లుంటారు. అందులో కొంత నిజం ఉంది, బాగా ఉడికిస్తే లిస్టీరియా చస్తుంది. అయితే 2011లో అమెరికాలో 33 మంది చనిపోయింది కొలరాడోలో పండిన ఖర్బూజాల వల్ల. పండును ఎవరూ ఉడికించి తినరు. సూపర్‌మార్కెట్లలో కోసి డబ్బాల్లో పెట్టిన పండ్లు, ఐస్‌క్రీమ్, పచ్చి పనీర్ మన ఇళ్లలోకీ వచ్చేశాయి. పాల ఉత్పత్తుల్లో 25 గ్రాముల నమూనాలో లిస్టీరియా ఉండకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది, సంతోషమే. సరుకుకు పెట్టిన ఆ నిబంధనకు రోగుల లెక్క కూడా తోడవ్వాలి. ఉభయ తెలుగు రాష్ట్రాల్లోని బోధనాసుపత్రులు మృతశిశువు పుట్టినప్పుడు, నవజాత శిశువుకు మెదడు పొరల వాపు వచ్చినప్పుడు కల్చర్ పరీక్ష చేసి, లిస్టీరియా తేలితే ఆరోగ్యశాఖకూ ఆహార భద్రతా అధికారులకూ ఒకేసారి తెలపాలి.