పోయిన పిదప వెదకుట కంటె

విద్యార్థి ఏడాది శ్రమ అంతయు నేడు లాప్‌టాప్‌లోని వేలెడంత పలకలో నిక్షిప్తమై ఉంటున్నది. ఆ పలకయే సాలిడ్ స్టేట్ డ్రైవ్. అది మూగవోయిన నాడు గాని దాని విలువ మనకు తెలిసిరాదు.

లాప్‌టాప్ చెడినంత మాత్రాన డ్రైవ్ చెడినట్లు కాదు. చాల లాప్‌టాప్‌లలో దానిని నిపుణునిచేత ఊడదీయించి, మరొక కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్లు యథాతథంగా లభించవచ్చు. డ్రైవ్‌కు రహస్య సంకేత రక్షణ ఉన్నట్లయితే దాని రికవరీ కీ కూడ చేత ఉండాలి. తొందరపడి ఫార్మాట్ చేయరాదు.

డ్రైవే చెడితే సంగతి వేరు. పాత హార్డ్ డిస్క్ తరచు వింత చప్పుళ్లతో ముందుగా హెచ్చరించేది. ఇందులో తిరిగే చక్రం లేదు; ఆ హెచ్చరికయు లేదు. సమాచారం విద్యుదావేశ రూపంలో చిప్‌లలో ఉంటుంది. ఏ ముక్క ఎక్కడ ఉన్నదో ఎరిగినది కంట్రోలరు. అది పాడైతే ప్రయోగశాలలకు సైతం పని దుష్కరం. ఖర్చు లాప్‌టాప్ వెలనే మించవచ్చు. పేద విద్యార్థి ఆ సొమ్ము ఎక్కడినుండి తేగలడు?

ఈ విషయంలో మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటనుండి నేర్వదగిన పాఠం ఒకటి కలదు. 2008 అక్టోబరు 22న అక్కడినుండి బయలుదేరిన చంద్రయాన్-1లోను సాలిడ్ స్టేట్ రికార్డర్లు ఉన్నవి. అయితే శాస్త్రజ్ఞులు సమాచారాన్ని వాటిలోనే దాచి ఊరకుండలేదు. బెంగళూరు సమీపాన గల బ్యాలాలు కేంద్రానికి ఎప్పటికప్పుడు రప్పించుకొన్నారు. 2009 ఆగస్టు 29న నౌకతో సంబంధం తెగిపోయినది. అయినను చంద్రునిపై నీటి జాడలున్నవన్న వార్త మరుసటి నెలలోనే లోకానికి వెల్లడైనది! ఆ నౌక ఇంకను చంద్రుని చుట్టు తిరుగుతున్నదని అమెరికా రాడార్లు కనుగొన్న సంగతి 2017లో ప్రకటితమైనది. నౌక మూగగానే దొరికినది. విజ్ఞానం మాత్రం ముందే ఇల్లు చేరినది.

ఖురాన్‌ను కంఠస్థం చేసినవారిని హాఫిజ్ అంటాము. కాపాడువాడని ఆ మాటకు అర్థం. గ్రంథం చేత ఉండగానే హృదయంలోను నిలుపుకొన్న పెద్దల వారసులం మనం. ఒక్క ప్రతిని నమ్ముకొనుట మనకు తగదు.

కావున కళాశాల పాలకవర్గం వారికి నా విన్నపం: విద్యార్థుల ప్రాజెక్టులకు, ఈ సంచికలోని ఉర్దూ, తెలుగు రచనలకు గ్రంథాలయంలో ఒక నకలు, కళాశాల వెలుపల మరొక నకలు ఉంచే ఏర్పాటు చేయించండి. విద్యార్థినీ విద్యార్థులారా! వారానికొకమారు నకలు తీసుకొనుట అలవరచుకొనండి. యంత్రాన్ని మరల కొనవచ్చు. గడచిన ఏడాదిని కొనలేము.