పట్టుగూటికి కనీస ధర ఏదీ?

నాలుగో జ్వరం లేచిన (నాలుగోసారి పొర విడిచిన) పట్టుపురుగు తిండి చూస్తే గుండె గుభేలుమంటుంది. మోపులకు మోపులు మల్బరీ ఆకు పరిస్తే పూట తిరిగేసరికి కాడలే మిగులుతాయి. శ్రీసత్యసాయి జిల్లా పరిగి మండలంలో పురుగులు మేపే ఇళ్లలో ఆ వారం ఎవరికీ కంటి నిండా నిద్ర ఉండదు. పురుగు పండి చంద్రిక (గూళ్లు అల్లుకునే తట్ట) ఎక్కి గూడు కట్టాక ఆరో రోజో, ఏడో రోజో విడిపించి హిందూపురం మార్కెట్‌కు చేర్చాలి. జాగైతే లోపలి పురుగు చిలుకగా మారి గూడు తొలుచుకుని బయటపడుతుంది, ఇక ఆ గూడు దారం తీయడానికి పనికిరాదు. వేరుశనగనైతే ఓ మూల పోసి నెలా రెండు నెలలు ఆగొచ్చు. గూడు ఆగదు కాబట్టి వేలంలో పలికిందే ధర. మరీ గిట్టదనుకుంటే బండి కర్ణాటకలోని రామనగరం మార్కెట్ దారి పడుతుంది. అక్కడా బాడుగ రైతుదే.

కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పట్టుగూడు లేదు. అందుకే రైతు కళ్లన్నీ ముడిపట్టు దిగుమతి సుంకం మీదే. 2011 బడ్జెట్‌లో దాన్ని 30 శాతం నుంచి ఏకంగా 5 శాతానికి దించేశారు. చైనా దారం చౌకగా దిగింది, గూళ్ల ధర పడింది, రామనగరంలో రైతులు రోడ్డెక్కారు. 2013లో 15 శాతం చేశారు. తర్వాత 10కి తగ్గించి, 2021లో మళ్లీ 15కు తెచ్చారు. ఒకసారి నాటితే పదిహేనేళ్లు కోతకొచ్చే తోట మల్బరీ. ఇలా ఎగిరిపడే అంకెను నమ్మి దాన్ని నాటేదెట్లా?

అసలు చిక్కు ఇంకొకటుంది. సుంకం పెంచమంటే ధర్మవరం మగ్గం ఒప్పుకోదు. దారం ధర పెరిగితే మొదట దెబ్బ తినేది నేత కార్మికుడే. రైతు సంఘం ఒక అర్జీ ఇచ్చి, చేనేత సంఘం దానికి ఎదురు అర్జీ ఇస్తే సర్కారుకు అంతకన్నా హాయి ఏముంటుంది? రెండింటినీ ఒకే బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు.

రాష్ట్రం బైవోల్టిన్ రకం గూళ్లకు కిలోకు రూ.50 ప్రోత్సాహకం పెట్టింది. మంచిదే, కాకపోతే అది బకాయిల్లో పడుతూ వచ్చింది. అంతకన్నా పెద్ద లోపం, ధర బాగున్న రోజూ అదే 50, కుప్పకూలిన రోజూ అదే 50. ఆదుకోవాల్సింది పడిన రోజున కదా! సాగు ఖర్చు లెక్కగట్టి కనీస ధర ఒకటి ప్రకటించండి. వేలం అంతకన్నా కింద ఆగితే తేడా సొమ్ము రైతు ఖాతాలో వేయండి. ధర బాగుంటే ఖజానా నుంచి పైసా అక్కర్లేదు. ప్రతి లాటు తూకం, ధర మార్కెట్‌లో రాసే ఉంటాయి. దీనివల్ల మగ్గానికి దారం ఖరీదూ పెరగదు. ధరలు పడినప్పుడు గూళ్ల నుంచి దారం తీసే రీలర్ల దగ్గర ఆ దారం కొనేందుకు కర్ణాటక 1979లోనే పట్టు మార్కెటింగ్ బోర్డు పెట్టుకుంది. ప్రభుత్వం మార్కెట్‌లో చేయి పెట్టడం వింతేమీ కాదు.

రైతు సంఘాల పెద్దలకు ఒక్క మాట. ఈసారి పుట్టపర్తి కలెక్టరేట్‌కు వెళ్లేటప్పుడు ధర్మవరం నేత సంఘాలను వెంటబెట్టుకుని వెళ్లండి. సుంకం సంగతి పక్కన పెట్టి, కనీస ధర ఒక్కటే రాసి, ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి.