మాటల మూలాలు: మ్యాగజైన్

మ్యాగజైన్ అనే ఆంగ్ల పదానికి మూలం అరబీ భాష. ‘మఖ్‌జన్’ అంటే గిడ్డంగి. దాని బహువచనం ‘మఖాజిన్’. ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా అది ఆంగ్లంలో ప్రవేశించింది. మనం తెలుగులో వాడే ‘ఖజానా’ కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే.

ఆంగ్లంలో ఈ పదం మందుగుండు కొట్టుకూ, తుపాకీలో తూటాలుంచే అరకూ పేరయింది. 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ తన పత్రికకు ‘ది జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ అని పేరు పెట్టాడు. రచనల గిడ్డంగి అని భావం. క్రమంగా అలాంటి పత్రికలకు ఆ పేరే స్థిరపడింది. అరబ్బులు మాత్రం పత్రికను ‘మజల్లా’ అంటారు.

తూటాలకూ రచనలకూ ఒకే పదం! గిడ్డంగిలో ఏది నింపితే అదే బయటికి వస్తుంది. పిల్లల మనసూ ఒక గిడ్డంగే. అందులో నిత్యం ఏ మాటలు చేరుతున్నాయో గమనించడం తల్లిదండ్రుల బాధ్యత.